ముగ్గురు గురువులు, ఒక్క పొట్ట

ఓపల్ గ్రూబర్ పేరు న్యూయార్కులో అడిగితే ఎవరూ చెప్పలేరు. అది వాళ్ళ లోటు, ఆవిడది కాదు. ఒహాయోలో మా టిబెట్స్ కౌంటీకి వచ్చి అడగండి. పదిహేనో ఏట కౌంటీ తిరనాళ్ళలో పందుల్ని పిలిచే పోటీకి దిగి, గడ్డాలు నెరిసిన రైతులందర్నీ ఓడించి మొదటి బహుమతి నీలం రిబ్బను ఇంటికి తెచ్చిన మొదటి ఆడపిల్ల ఓపల్. ఇవాళ్టికీ ఆ తిరనాళ్ళు మొదలయ్యేటప్పుడు జెండా దగ్గర నిలబడి పాడేది ఓపల్. ఇండియానాలోనూ కెంటకీలోనూ జనం భోంచేస్తూ నాటకం చూసే హాళ్ళుంటాయి. ఆ పళ్ళేల చప్పుడు మీదుగా పాడి, ఆడి, మాట్లాడి, నోటి దాకా వెళ్ళిన ముద్దని అక్కడే ఆపించిన మనిషి ఓపల్. ఫేర్‌హోమ్ కాలేజీలో ముప్పై ఏళ్ళు పైబడి పాఠం చెప్పి, ఆటా పాటా మాటా ఒకే గదిలో నేర్పాలని పట్టుబట్టి, ఆ గది కట్టించుకున్నదీ ఓపలే. ఆవిడ దగ్గర నేర్చుకుని స్టేజి ఎక్కినవాళ్ళ పేర్లు చెప్పమంటే ముందు కాఫీ పెట్టుకోండి, చాలాసేపు పడుతుంది.

ఇంత వైభవమూ ఒక మార్చి నెల ఉదయం తుడిచిపెట్టుకుపోవలసింది. అప్పటికి ఓపల్ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. తగువంతా ఆమె పొట్ట గురించి.

ఓపల్ పుట్టింది న్యూ హాన్‌ఫెల్డ్‌లో. ఆ ఊళ్ళో మనుషులకంటే పందులెక్కువ. బడికి రెండు గదులు, టీచరు ఒక్కతే, మిస్ రోర్. ఆవిడ బడిలో సంగీతానికి వేరే గంట లేదు, ఆటలకి వేరే గంట లేదు. ఎక్కాలు పాడుతూ నేర్పింది, రాష్ట్రాల పేర్లు గెంతిస్తూ నేర్పింది, చరిత్ర అయితే పిల్లల చేత వేషాలు కట్టించే చెప్పింది. “చివరి బెంచీ వాడికి వినపడకపోతే నువ్వు చెప్పనట్టే” అనేది. ఆ బడిలో చదివినవాళ్ళకి ఆ మూడూ వేరువేరు సంగతులని తెలియనే తెలియదు. తెలియకపోవడం ఎంత అదృష్టమో ఫేర్‌హోమ్ వెళ్ళాక ఓపల్‌కి అర్థమైంది.

ఫేర్‌హోమ్‌లో గాత్రం నేర్పే హాల్వర్‌సన్ ఆ పదిహేనో ఏటి తిరనాళ్ళకి చర్చి గాయకుల పోటీలో తీర్పరిగా వచ్చాడు. గుడారంలో కూచుని వింటుంటే మైదానం ఆ చివర పందుల కొట్టాల వైపు నుంచి ఓపల్ కేక వినపడింది. పాడుతున్నవాళ్ళని పాడుతుండగానే వదిలేసి, బురదలో మంచి బూట్లు పాడుచేసుకుంటూ వచ్చాడు.

“ఆ అరిచిందెవరు?”

“నేనేనండి. ఏం, మీ పంది తప్పిపోయిందా?” అంది ఓపల్.

ఆయన నవ్వలేదు. ఆమె తండ్రి ఔగస్ట్‌ని వెతికి పట్టుకుని, బడి చదువు అవ్వగానే ఈ పిల్లని నా దగ్గరికి పంపండి, ఫీజు సంగతి కాలేజీ చూసుకుంటుంది అని చెప్పి పోయాడు. బడి అయ్యేసరికి ఫేర్‌హోమ్‌లో కొత్తగా సంగీత నాటకాల చదువు మొదలైంది. ఓపల్ అందులోనే చేరతానంది.

“పాట ఒక్కటే కాదు నాన్నా, డాన్సు కూడా నేర్పుతారట. నటన కూడా.”

“డాన్సా? గ్రూబర్ల ఇంటా వంటా లేదే. మీ ఎమిల్ బాబాయి ఒక్కడే చేశాడు, అదీ బీరు తాగి, పోలీసులొచ్చేదాకా.”

“అయితే మన రక్తంలో ఉన్నట్టేగా.”

ఔగస్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. “వెళ్ళు. ఎవరో ఏదో అన్నారని మాత్రం ఏడుస్తూ రాకు. వచ్చావా, పందులెక్కడున్నాయో నీకు తెలుసు.”

సంగీత నాటక విభాగం అని బోర్డయితే కట్టారు గాని, ఆ విభాగానికి ఇల్లు లేదు. పాట కొండ మీద సంగీత భవనంలో. డాన్సు నది పక్కన పాత జిమ్ము కింది గదిలో. నటన ఊరి అవతల, జనం రాక మూసేసిన చర్చిలో. మూడింటికీ మధ్య మంచు. ఓపల్ ఒక భుజాన డాన్సు బూట్ల సంచీ, రెండో భుజాన పాటల కాగితాలు వేసుకుని, చెమట ఆరని ఒంటితో మంచులోకీ, వణుకు తగ్గని ఒంటితో పాటలోకీ పరిగెత్తేది. ముగ్గురు గురువులూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఏడాదికోసారి. మిగతా ఇద్దరూ తన గంటల్ని దొంగిలించారని ఎవరికి వారికి గట్టి నమ్మకం.

డాన్సు నేర్పే మిస్ పెట్రాకిస్ న్యూయార్కులో పెద్ద పెద్ద నాటకాల్లో గుంపులో ఆడి, మోకాలు చెడి వచ్చిన మనిషి. పిట్టంత ఉండేది. చేతిలో ఎప్పుడూ ఒక కర్ర.

“పొట్ట లోపలికి, గ్రూబర్. నువ్వు రాకముందే నీ పొట్ట గదిలోకొస్తోంది.”

“ఊపిరి తీసుకోవద్దా మేడమ్?”

“ఇంటికెళ్ళి తీసుకో.”

అక్కణ్ణుంచి కొండెక్కి వెళ్తే హాల్వర్‌సన్ ఆమెని నేల మీద పడుకోబెట్టి, పొట్ట మీద లావుపాటి నిఘంటువు పెట్టేవాడు. అది లేవాలి, దిగాలి.

“వదులు. ఇంకా వదులు. ఇదేం పొట్టా, బల్లచెక్కా? ఎవరు బిగించారు నిన్నిలా?”

“మిస్ పెట్రాకిస్ సార్.”

“ఆవిడకేం తెలుసు. ఆవిడ పిల్లలు పాడితే పిల్లి తోక తలుపులో పడ్డట్టుంటుంది.”

ఇక చర్చిలో డన్‌లేవీ. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని ఉండేవాడు.

“పొట్ట సంగతే మర్చిపో. నీకు ఒళ్ళే లేదనుకో. ఆ పాత్ర ఏం కోరుకుంటోంది? అదొక్కటే ఉంది.”

“భోజనం కోరుకుంటోంది సార్. పొద్దుట్నుంచి ఏం తినలేదు.”

క్లాసంతా నవ్వింది. డన్‌లేవీ నవ్వకుండా అన్నాడు: “జోకు వెనకాల దాక్కుంటున్నావు గ్రూబర్.” ఆ మాట ఓపల్‌కి పెట్రాకిస్ కర్రకంటే గట్టిగా తగిలింది.

ఓపల్ గదిలో ఉండే పిల్ల బెర్నడీన్ కొవాల్‌చిక్, అందరికీ బెర్నీ. క్లీవ్‌లాండ్‌లో ఉక్కు కార్ఖానా పేటలో పుట్టింది. నడక వచ్చినప్పట్నుంచీ డాన్సే. గాలిలోకి లేచిందంటే దిగడం మర్చిపోయిందేమో అనిపించేది. నోరు తెరిచి పాడితే మాత్రం నూనె వెయ్యని తలుపు. వాళ్ళిద్దరూ మొదటి వారమే పోట్లాడుకుని, రెండో వారానికి ఒకరి దుప్పటి ఒకరు కప్పుకునేంత స్నేహితులయ్యారు.

“ఏమే పందులదానా, నీ గొంతులో సగం నాకిచ్చెయ్. నా కాలొకటి తీసుకో.”

“నీ కాలేం చేసుకోనే, నా బూటులో బొటనవేలు కూడా నిండదు.”

రెండో ఏడు మార్చిలో కోత ఉంటుంది. కాలేజీ వాళ్ళు దానికి ఏదో మర్యాదైన పేరు పెట్టారు గాని పిల్లలంతా కోత అనే అనేవారు. ముగ్గురు గురువులూ ఒక పొడుగు బల్ల వెనక కూచుంటారు. ఒక్కొక్కరూ వచ్చి, బట్టలకి గుచ్చిన నంబరుతో గుంపులో డాన్సు చెయ్యాలి, పియానో వంపులో నిలబడి పాట పాడాలి, కుర్చీలో కూచుని ఒక ఘట్టం అప్పజెప్పాలి. ముగ్గురిలో ఇద్దరు ఉంచమంటేనే మూడో ఏటికి వెళ్తారు. లేకపోతే లెక్కలో, లాటినో, ఏదో ఒకటి చదువుకోవడమే. కోత పడ్డవాళ్ళు తమ డాన్సు బూట్లు తాళ్ళు ముడేసి జిమ్ము మెట్ల పక్క ఇనప కటకటాలకి వేలాడగట్టి పోవడం అక్కడి ఆచారం. ఆ బూట్లు వానకి తడిసి, ఎండకి బిరుసెక్కి, వాటంతట అవి ఊడి పడేదాకా అలాగే ఉండేవి. రోజూ డాన్సుకి వాటి పక్కనుంచే దిగాలి.

ఓపల్ మంచి పిల్ల. అదే ఆమె చేసిన తప్పు. ముగ్గురి మాటా వినాలని చూసింది.

కోతకి ముందు శరదృతువులో కాలేజీ నాటకం వేశారు. ఓపల్ గుంపులో ఉంది. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడాలి. హాల్లో ఎడమ వైపు మిస్ పెట్రాకిస్ కూచుంది, కుడి వైపు హాల్వర్‌సన్. ఓపల్ చూసింది. ఎడమకి తిరిగినప్పుడు పొట్ట లోపలికి పీల్చింది. కుడికి తిరిగినప్పుడు వదిలింది. పీల్చడం, వదలడం, పీల్చడం, వదలడం. పాట అయిపోయింది. నాటకంలో నాయిక చేతికి టెలిగ్రాం వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని చదువుతూ ఉంటే హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఓపల్‌కి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

చిన్నాచితకా ఎక్కిళ్ళు కావు. పందుల్ని పిలిచే గొంతులోంచి వచ్చిన ఎక్కిళ్ళు. మొదటి దానికి ముందు వరస ఉలిక్కిపడింది. రెండో దానికి బాల్కనీ నవ్వింది. మూడో దానికి టెలిగ్రాం చదువుతున్న నాయిక కూడా నవ్వేసింది. నాటకంలో ఆమె మొగుడు చచ్చిపోయాడు.

మర్నాడు ముగ్గురు గురువులూ విడివిడిగా పిలిచి చివాట్లు పెట్టారు. నీకు పొట్ట మీద అదుపు లేదంది పెట్రాకిస్. పొట్ట బిగించడం వల్లే వచ్చిందన్నాడు హాల్వర్‌సన్. ఆ క్షణంలో నీ పాత్ర ఏం కోరుకుంటోందని అడిగాడు డన్‌లేవీ. “మంచినీళ్ళు సార్” అనబోయి, నోరు మూసుకుంది ఓపల్.

హాస్టల్లో ఆరు వారాల పాటు ఆమె కనపడగానే ఎక్కిళ్ళు పెట్టేవారు. ఓపల్ ఏడవలేదు. పందులెక్కడున్నాయో ఆమెకి తెలుసు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా పళ్ళు బిగించేది.

కోతకి నెల ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం. హాస్టలు నేలమాళిగలో బట్టలారబెట్టే యంత్రం పాడైంది. తడి బట్టలన్నీ పై అటకకి మోసుకెళ్ళి ఆరేయాలి. బెర్నీ పైన తాళ్ళు కడుతోంది. ఓపల్ రెండు చేతుల్తో రెండు తడి గంపలు పట్టుకుని మెట్లెక్కుతూ, క్లిప్పులు మర్చిపోయానని కింది నుంచే కేకేసింది. కేకేస్తూనే మూడంతస్తులూ ఎక్కేసింది.

బెర్నీ అటక తలుపు దగ్గర అలాగే నిలబడిపోయింది.

“నువ్వు రొప్పడం లేదేమే?”

“రొప్పడమెందుకు?”

“నాకు తెలియదు. డాన్సులో రెండు గెంతులకే కుక్కలా రొప్పుతావుగా. గంపలు దింపకు. దింపకు అంటుంటే. మళ్ళీ కేకెయ్.”

ఓపల్ కేకేసింది. బెర్నీ ఆమె పొట్ట మీద ఒక చెయ్యి, పక్కటెముకల మీద ఒక చెయ్యి వేసి చూసింది.

“కింద రాయిలా ఉంది. పక్కలు మాత్రం కొలిమి తిత్తిలా తెరుచుకుంటున్నాయి. ఇదెవరు నేర్పారే నీకు?”

ఎవరూ నేర్పలేదు. ఇంటి దగ్గర రోజూ రెండు చేతుల్లో రెండు కుడితి బకెట్లు పట్టుకుని, బురదలో జారకుండా నడుస్తూ, పొలం చివరి పందుల్ని పిలిచేది. బరువుకి పొట్ట కింది భాగం బిగుసుకుంటుంది. పిలవడానికి పక్కలు తెరుచుకుంటాయి. రెండూ ఒకేసారి జరుగుతాయి. కాలేజీకొచ్చాక పెట్రాకిస్ గదిలో సగం, హాల్వర్‌సన్ గదిలో సగం వదిలేసింది. ఆ సగాలు రెండూ కలిపితే తప్ప మనిషి అవదని ఆ మెట్ల మీద అర్థమైంది.

“అంటే ఇద్దరూ చెప్పింది నిజమేనన్నమాట” అంది బెర్నీ.

“ఇద్దరూ సగం సగం చెప్పారు. మిగతా సగం ఎదుటివాళ్ళ దగ్గరుందని ఒప్పుకోరు, అంతే.”

ఆ రోజు నుంచి ఇద్దరూ గంపలు పట్టుకుని, బకెట్లలో నీళ్ళు నింపుకుని, మెట్లెక్కుతూ దిగుతూ పాడారు. బెర్నీ తిరగడం నేర్పింది, ఓపల్ తిరుగుతూ పాడటం నేర్పింది. బెర్నీ గొంతు కొంచెం నూనె పట్టింది గాని తలుపు తలుపే. నీళ్ళు తొణికి మెట్లన్నీ తడిసేవి. హాస్టలు వార్డెను మిసెస్ ఓడెల్ వచ్చి, “ఇది కాలేజీయా, గొడ్ల చావిడా?” అంది.

“చావిడేనండి. కావాలంటే మీరూ రండి” అంది ఓపల్.

కోతకి వారం ముందు హాల్వర్‌సన్ ఆమెని పిలిచి, తలుపు వేశాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. ఆ గొంతంటే నిజంగా ప్రాణం.

“డాన్సులో నువ్వు పోతావు. ఎక్కిళ్ళ సంగతి డన్‌లేవీ కూడా మర్చిపోలేదు. అనవసరంగా అవమానమెందుకు? ఇవాళే ఒపేరా వైపు మారిపో. నేను చూసుకుంటాను. కోతకి రానక్కర్లేదు.”

“ఒపేరాలో ఏం చెయ్యాలి సార్?”

“నిలబడి పాడాలి. నీ గొంతుకి అంతకంటే ఏం కావాలి?”

“నేను పుట్టాక నిలబడి ఏ పనీ చెయ్యలేదు సార్.”

“ఓపల్, నిన్ను పందుల కొట్టంలోంచి తీసుకొచ్చింది నేను.”

ఆ మాటకి ఓపల్ లేచి నిలబడింది. “తీసుకురాలేదు సార్, రమ్మన్నారు. నేనే వచ్చాను. పోవాల్సొస్తే నా బూట్లు నేనే కట్టుకుని పోతాను.”

కోత రోజు పొద్దున్నే మంచు కరిగి వీధులన్నీ బురద. ముందు డాన్సు. ఓపల్ నంబరు గుచ్చుకుని గుంపులో చివర నిలబడింది. అందరూ దిగాక దిగింది, అందరూ ఆగాక ఆగింది. పెట్రాకిస్ కర్ర నేలకి తగిలిన చప్పుడు రెండుసార్లు వినపడింది. ఆ రెండూ ఓపల్‌కేనని అందరికీ తెలుసు.

తరవాత పాట. ఒక్కొక్కర్నే లోపలికి పిలిచారు. ఓపల్ పియానో వంపులోకి వెళ్ళలేదు. గది మధ్యకి వచ్చి, ఒక కుర్చీ లాక్కుని పక్కన పెట్టుకుంది. నడుముకి తెల్ల ఏప్రన్ కట్టుకుంది.

“మొదలుపెట్టేముందు ఒక సంగతి తేల్చాలి” అంది. “మీ ముగ్గుర్నీ ఒకచోట చూడటం నాకిదే మొదటిసారి. మళ్ళీ దొరకరు. పొట్ట లోపలికా, బయటికా?”

“వదులు. రెండేళ్ళుగా చెబుతున్నాను” అన్నాడు హాల్వర్‌సన్.

“లోపలికి. వదిలితే నడుం విరుగుతుంది” అంది పెట్రాకిస్.

“నడుం విరిగినా పాడొచ్చు. ఊపిరి లేకపోతే ఏం చేస్తారు?”

“మీ పిల్లలు నిలబడి పాడతారు మిస్టర్ హాల్వర్‌సన్. కరెంటు స్తంభాలు కూడా నిలబడతాయి.”

“స్తంభాలు కనీసం రొప్పవు.”

డన్‌లేవీ మధ్యలోకి వచ్చాడు. “మీరిద్దరూ కలిసి ఆ పిల్ల బుర్ర పాడుచేశారు. పొట్ట గురించి ఆలోచిస్తున్నంతసేపూ...”

“మీరు మాట్లాడకండి. మొన్న నాటకంలో మీ పిల్లల మాట మూడో వరస దాటలేదు” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ విభాగం పుట్టాక వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

ఓపల్ పియానో వైపు తిరిగింది. “వీళ్ళు తేల్చేసరికి నాకు పళ్ళూడిపోతాయి. వాయించండి మిసెస్ టబ్స్.”

మిసెస్ టబ్స్ వాయించింది. పెద్దింట్లో పనిమనిషి ఒకతి ఆఖరిసారి ఇల్లు ఊడుస్తూ, ఇంక రాను అని పాడే పాట అది. దాన్ని అందరూ పియానోని ఆనుకుని పాడతారు. ఓపల్ లేని చీపురు పట్టుకుని ఊడుస్తూ పాడింది. కుర్చీ ఎత్తి పక్కన పెడుతూ పాడింది. బల్ల వెనకనున్న ముగ్గురి కాళ్ళ దగ్గరికీ వెళ్ళి, లేవండి ఊడవాలి అన్నట్టు చూస్తూ పాడింది. హాల్వర్‌సన్ తెలియకుండానే కాళ్ళు ఎత్తాడు. పాట పైకి వెళ్ళేచోట, బెర్నీ నేర్పిన తిరుగుడు తిరిగింది. ఒకటి బాగా వచ్చింది. రెండోదానికి కాలు జారింది. చెయ్యి కుర్చీ మీద పడింది. స్వరం మాత్రం జారలేదు. వంగిన ఒంట్లోంచి అలాగే పైకి లేచి, కిటికీ అద్దాన్ని గలగలలాడించింది. ఆఖర్న ఏప్రన్ విసిరికొట్టాలని పాటలో రాసి ఉంది. ఓపల్ విసరలేదు. విప్పి, నాలుగు మడతలు పెట్టి, ముగ్గురి ముందు బల్ల మీద పెట్టి, వెనక్కొచ్చి నిలబడింది.

కుర్చీలో కూచుని ఘట్టం అప్పజెప్పమని ఎవరూ అడగలేదు.

ముందు హాల్వర్‌సన్ మాట్లాడాడు. “ఈ గొంతు ఒపేరాకి పుట్టింది. ఇలా గెంతుతూ పాడితే పదేళ్ళలో చిరిగిన గోనెసంచీ అవుతుంది. నేను వద్దంటాను.”

ఆ గొంతుని కనిపెట్టిన మనిషే వద్దన్నాడు. ఓపల్ తల దించలేదు.

పెట్రాకిస్ కర్రని బల్లకి ఆనించింది. “కాళ్ళు దరిద్రం. బాతు కూడా ఇంతకంటే శుభ్రంగా తిరుగుతుంది. కాని తిరుగుతూ పాడింది. కాలు జారినా పాట ఆగలేదు. న్యూయార్కులో నా పక్కన ఆడినవాళ్ళలో ఆ పని చెయ్యగలిగినవాళ్ళు ఒక చేతి వేళ్ళకి సరిపోతారు. నేనైతే ఆ వేళ్ళలో లేను. ఉంచండి.”

ఇక డన్‌లేవీ. ఆయన బల్ల మీది ఏప్రన్ మడత అంచు వేలితో ఎత్తి చూశాడు.

“విసరమని ఉంటే మడతపెట్టావెందుకు?”

“విసిరితే కోపమొచ్చి పోతున్నట్టు సార్. కోపం తగ్గితే మళ్ళీ రావచ్చు. మడతపెడితే ఇంక మీ చెప్పుచేతల్లో లేనని చెప్పినట్టు.”

“ఎవరికి చెబుతున్నావు?”

“పాటలో దొరసానికి. ఇక్కడ మీ ముగ్గురికీ.”

డన్‌లేవీ మొదటిసారి నవ్వాడు. “ఇవాళ జోకు వెనకాల లేవు గ్రూబర్. ఉంచండి.”

ఓపల్ బయటికొచ్చింది. సంతోషం ఇంకా ఒంటికి పట్టలేదు. భోజనాలయ్యాక బెర్నీ వంతు. డాన్సుకి పెట్రాకిస్ లేచి నిలబడిందట. పాటకొచ్చేసరికి హాల్వర్‌సన్ వద్దన్నాడు, డన్‌లేవీ తల అడ్డంగా ఊపాడు. సాయంత్రం ఓపల్ జిమ్ము దగ్గరికి వెళ్ళేసరికి బెర్నీ తన బూట్ల తాళ్ళు కటకటాలకి ముడేస్తోంది. చుట్టూ పిల్లలు నిలబడి చూస్తున్నారు.

ఓపల్ వెళ్ళి ఆ ముడి విప్పడం మొదలుపెట్టింది.

“వదిలెయ్యవే. ఆచారం” అంది బెర్నీ.

“ఎవరు పెట్టారు? కోసినవాళ్ళు పెట్టలేదు. కోయించుకున్నవాళ్ళే పెట్టుకున్నారు, సిగ్గుపడి.”

“ఓపల్, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. ఈ కాలేజీలో నీ అంత డాన్సు చేసేవాళ్ళు ఇంకొకళ్ళు లేరు. ఈ బూట్లు వానలో తడవాల్సినవి కావు. న్యూయార్కు తీసుకుపో. పాడమని అడక్కపోతే పాడకు.” ముడి గట్టిగా ఉంది. పళ్ళతో కొరికి తెంపి, బూట్లు బెర్నీ మెడలో వేసింది.

ఆ వేసవిలోనే బెర్నీ బస్సెక్కింది. న్యూయార్కు పెద్ద హాళ్ళలో, పాడమని ఎవరూ అడగని గుంపులో, మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ ఆడింది. కోత పడ్డది అక్కడికి వెళ్ళింది. నిలిచినది మా కౌంటీ చుట్టుపక్కలే తిరిగింది. ఇందులో ఎవరు గెలిచారని ఓపల్‌ని అడిగితే, “ఇద్దరం” అంటుంది. అడిగినవాళ్ళకి ఇంకో ప్రశ్న వెయ్యాలనిపించనంత గట్టిగా అంటుంది.

తరవాత సంగతులు మొదట్లోనే చెప్పాను. భోజనాల హాళ్ళు తిరిగి తిరిగి, ఒకనాటికి అదే ఫేర్‌హోమ్‌కి గురువుగా వచ్చింది. వచ్చిన ఏడాదే పోట్లాట పెట్టుకుంది. పియానో, అద్దం, కుర్చీలు ఒకే గదిలో ఉండాలంది. అప్పటికి ముసలిదైన పెట్రాకిస్ ఆమె పక్షాన కర్ర పట్టుకుని కూచుంది. గది వచ్చింది. కోతని ఎత్తించడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది, అయినా ఎత్తించింది. ఇప్పుడా కటకటాలకి పిల్లలు సైకిళ్ళు కట్టుకుంటున్నారు. పొట్ట లోపలికా బయటికా అని కొత్త పిల్లలెవరైనా అడిగితే, మూలనున్న రెండు బకెట్లు చూపిస్తుంది.

హాల్వర్‌సన్ చెప్పిన పదేళ్ళు గడిచాయి. ఆ పైన ఇంకో పదేళ్ళూ గడిచాయి. ఒక ఏడు తిరనాళ్ళకి ఆయన వచ్చాడు, చేతికర్రతో, మనవరాలి భుజం పట్టుకుని. ఓపల్ జెండా దగ్గర నిలబడి ఉంది. నిలబడి ఉంది అన్నానే గాని, ఆవిడ ఎప్పుడూ నిలబడి పాడదు. జెండా చుట్టూ నాలుగడుగులు వేస్తూనే పాడుతుంది. మా వాళ్ళకి అలవాటే. ఆ రోజూ అలాగే పాడింది. మైదానం ఆ చివర పందుల కొట్టాల దాకా వెళ్ళింది పాట. పందులు తలెత్తాయి.

పాటయ్యాక ఆయన దగ్గరికొచ్చాడు.

“ఇంకా చిరగలేదా?”

“గోనెసంచీ సార్. గట్టి సరుకు” అంది ఓపల్.

ఆయన బూట్ల వైపు చూసుకున్నాడు. మళ్ళీ బురదే. “పద, ఆ కొట్టాల దగ్గరికి తీసుకెళ్ళు” అన్నాడు. “అక్కణ్ణుంచి వింటాను.”

“అయితే మళ్ళీ పాడాలా?”

“పాడాలి. నడుస్తూనే పాడు.”

ఓపల్ ఆయన చెయ్యి పట్టుకుని, బురదలో జారకుండా పొట్ట బిగించి, పక్కలు తెరిచి, దారంతా పాడుతూ తీసుకెళ్ళింది.